చివరి పేరు పడేదాకా

లాడ్జి రెండో అంతస్తు, చివరి గది. ఉదయం పదకొండున్నర. మంచం మీద దుప్పటి నలగలేదు. కుర్చీలో మనిషి టీవీ వైపు తిరిగి కూర్చుని ఉన్నాడు. వీపులోంచి రెండు తూటాలు దూసుకుపోయాయి. చేతిలో రిమోట్ మాత్రం జారలేదు.

టీవీలో ఏదో పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఆగి ఉంది. పేర్లు పడేచోట, మొదటి పేరు దగ్గర.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మనిషిని డిపార్ట్‌మెంట్‌లో మౌని అంటారు. పదిహేనేళ్ళ సర్వీసులో అతను గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. కుర్చీలో ఉన్నది అతని అక్క భర్త. మౌనిని ఈ ఉద్యోగంలోకి తెచ్చింది ఆయన. తాళంచెవి లేకుండా తాళం తీయడం నేర్పింది ఆయన. మొదటి మిషన్‌లో భయంతో వాంతి చేసుకుంటే వీపు నిమిరి, ఆ తర్వాత పదిహేనేళ్ళపాటు ఇంటికొచ్చిన ప్రతివాడికీ ఆ కథ చెప్పి నవ్విందీ ఆయనే.

"లాప్‌టాప్ లేదు" అన్నాడు డైరెక్టర్. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఆయనకి ఏమీ తోచనప్పుడు కళ్ళజోడు తుడుచుకుంటాడు. "సరిహద్దు అవతల మారువేషాల్లో మనవాళ్ళు పదకొండు మంది. వాళ్ళ పేర్ల లిస్టు బయటికి పోయింది. ఎలా పోయిందో ఇప్పుడు తెలిసింది."

"ఆ లాప్‌టాప్‌లో ఏమీ లేదు సర్. బావ దాన్ని పదిమందికీ చూపించడానికే మోసేవాడు."

"ఏమీ లేకపోతే ఎందుకు చంపుతారయ్యా? అమ్మకానికి పెట్టాడు. బేరం కుదరలేదు. చంపి పట్టుకెళ్ళారు. రిపోర్టు అలాగే వెళుతుంది."

మౌని కుర్చీలోని మనిషి వైపు చూశాడు. ముప్పై ఏళ్ళు దేశం కోసం పరాయి పేర్లతో తిరిగిన మనిషి. ఒళ్ళింకా చల్లబడలేదు. అప్పుడే ద్రోహి అయిపోయాడు. అన్నది ఎవరు? జీవితంలో ఒక్కసారి కూడా కుర్చీలోంచి కదలనివాడు.

వైరు సర్దుతున్నట్టు టీవీ వెనక్కి చెయ్యి పెట్టాడు మౌని. వేళ్ళకి నారింజరంగు దారం తగిలింది. లాగాడు. దారం చివర చూయింగ్ గమ్ ప్యాకెట్టంత నల్లటి ముక్క. ఇంకా వెచ్చగా ఉంది. తెర నల్లబడినా, కళ్ళజోడు తుడుచుకుంటున్న డైరెక్టర్ గమనించలేదు. జేబులో వేసుకున్నాడు.

అది బావ స్టిక్ కంప్యూటర్.

రెండేళ్ళ క్రితం డిపార్ట్‌మెంట్‌లో బల్లల మీది కంప్యూటర్లన్నీ ఎత్తేసి తలా ఒక స్టిక్ ఇచ్చారు. టీవీ వెనక గుచ్చితే చాలు, ఆ టీవీయే కంప్యూటర్. పని అయ్యాక పీకి జేబులో వేసుకుంటే ఆఫీసు ఖాళీ. దొంగ పడ్డా దొరికేది కుర్చీలే. రూల్ ఒక్కటే: ఆఫీసు స్టిక్‌ని బయట ఇంకే టీవీకీ పెట్టకూడదు. ఆ రూల్‌ని వారం రోజులు కూడా ఎవరూ పాటించలేదు. చేతిలో ఇంత సుఖం పెట్టి వాడొద్దంటే ఎవరు వింటారు? ఫైళ్ళు చూసిన స్టిక్‌తోనే సాయంత్రం ఇంట్లో కరెంటు బిల్లు కట్టారు, చుట్టాలకు ఉత్తరాలు రాశారు, సీరియళ్ళు చూశారు. దేశ రహస్యాలు అత్తాకోడళ్ళ సీరియళ్ళ పక్కనే పడుకున్నాయి. బావ ఒక్కడే తన స్టిక్‌లో ఒక్క ఫైలూ ఉంచలేదు. దాన్ని సినిమాలకే ఉంచుకున్నాడు.

హంతకులు లాప్‌టాప్ పట్టుకెళ్ళారు. కంప్యూటర్ అంటే మూత తెరిచేదే అనుకునే రకం కాబోలు, టీవీ వెనక ఎవరూ చూడలేదు.

*

మర్నాడు పొద్దున్న పదింటికి మౌని వెళ్ళేసరికి అక్క ఇస్త్రీ చేస్తోంది. బావ చొక్కాలు. ఆరు మడతపెట్టి ఉన్నాయి, ఏడోది బల్ల మీద ఉంది. ఆ చొక్కాలు ఇక ఎవరూ తొడుక్కోరని ఆమెకు చెప్పాల్సిన పని లేదు.

"ఏమని రాశారు రిపోర్టులో?" తల ఎత్తకుండానే అడిగింది.

"ఇంకా రాయలేదక్కా."

"నాకు అబద్ధాలు చెప్పకురా. మీ ఇద్దరితో వేగి వేగి అబద్ధం ఎక్కడ మొదలవుతుందో నాకు తెలుసు. ద్రోహి అని రాస్తున్నారు. అంతేనా?"

మౌని తల దించుకున్నాడు. అక్క ఇస్త్రీపెట్టె బల్ల మీద ఠప్పున పెట్టింది.

"ముప్పై ఏళ్ళు. పక్కింటావిడకి మా ఆయన టీవీ మెకానిక్ అని చెప్పాను. వాళ్ళ టీవీ పాడైతే నిజంగానే వెళ్ళి బాగుచేసి వచ్చాడు. ఆ అబద్ధం కోసం ఆ పని కూడా నేర్చుకున్నాడ్రా! అలాంటివాణ్ణి ద్రోహి అంటారా? ఏ నోటితో అంటారు?"

మౌని జేబులోంచి స్టిక్ తీశాడు. నారింజరంగు దారం చూడగానే అక్క ఊరుకుంది. సోఫాలో పోతోందని ఆ దారం కట్టింది తనే.

టీవీకి గుచ్చి కరెంటు వైరు కలిపాడు. నలభై సెకన్లు నల్లటి తెర. స్టిక్ లేచేది మెల్లగా. మడత కీబోర్డు విప్పాడు. సినిమాల యాప్ తెరిస్తే పైవరసలో 'చూస్తూ ఆపినవి' అని ఆరు బొమ్మలు వచ్చాయి.

"ఆరా?" అంది అక్క. "ఆయన సగంలో ఆపడమా?"

"నిద్రొచ్చిందేమో."

"నోరు ముయ్యి. మా పెళ్ళైన కొత్తలో హాల్లో కరెంటు పోయింది. జనమంతా తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. ఈయన మాత్రం రెండు గంటలు కుర్చీలోంచి లేవలేదు, నన్నూ లేవనివ్వలేదు. పేర్లు పడుతుంటే మాట్లాడానని ఇంటికొచ్చాక మూడు రోజులు అలిగాడు. 'కుట్టుపనివాడి పేరు కూడా చదవాలే. ఇవాళ నా పేరు పడుతుంది అని ఇంట్లో చెప్పుకుని ఉంటాడు' అనేవాడు. మొదటి పేరు నుంచి ఆఖరి పేరు దాకా చూడకుండా ఒక్క సినిమా వదల్లేదు. అలాంటివాడు ఆరు సినిమాలు ఆపాడంటే, ఆపడానికే ఆపాడు."

మౌని వివరాలు తెరిచాడు. ఆరూ నిన్న ఆపినవే. మొదటిది పది నలభై తొమ్మిదికి. ఆఖరిది పదకొండింటికి.

లాడ్జి గుమాస్తా చెప్పిన మాట గుర్తొచ్చింది: పదిన్నర దాటాక కింద గేటు దగ్గర ఇద్దరు నిలబడ్డారు, మెట్ల మీద ఒకడు. బావ కిటికీలోంచి చూసి ఉంటాడు. ఫోన్ ఎత్తితే వినేవాళ్ళు వింటారు. కాగితం మీద రాస్తే దొరుకుతుంది. మిగిలింది పదకొండు నిమిషాలు, ఒక టీవీ, ఏ సీను ఎన్నో నిమిషంలో వస్తుందో కంఠతా వచ్చిన ఆరు సినిమాలు.

ఒక్కొక్కటే తెరిచారు. ఆపిన చోట బొమ్మ మాత్రం చూశారు.

మొదటిది: మైకు ముందు కూర్చుని కాగితం చదువుతున్న అందగత్తె. "రేడియోలో వార్తలు చదివే పిల్ల ఇది, కథలో" అంది అక్క.

రెండోది: గోడ గడియారం. నాలుగు గంటలు.

మూడోది: హీరో క్యాలెండర్ కాగితం చింపుతున్నాడు. కింద కనబడే అంకె పదిహేడు.

"ఇవాళే" అన్నాడు మౌని.

నాలుగోది: పంతులుగారు రిజిస్టరు తెరిచి పిల్లల పేర్లు పిలుస్తున్నాడు.

ఐదోది: జడ్జిగారు. కోర్టులో కాదు, పాటకత్తె ఇంట్లో. చెప్పులు విడిచి సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

మౌని ఆ బొమ్మని చాలాసేపు చూశాడు. బావ వార్తల ఛానల్ మీద నిఘా పెట్టాడని అతనికి తెలుసు. ఆ ఛానల్లో డిపార్ట్‌మెంట్‌కి ఒక మనిషి ఉందనీ, ఆవిడ నేరుగా డైరెక్టర్‌కే రిపోర్ట్ చేస్తుందనీ తెలుసు.

"నాలుగింటి వార్తలు ఎవరు చదువుతారక్కా?"

"ఆ పట్టుచీరల పిల్ల. బాగా చదువుతుంది. వార్తలయ్యాక కూడా మీ బావ టీవీ కట్టనిచ్చేవాడు కాదు, పేర్లు పడతాయి కదా. పోయిన నెల ఒకరోజు చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు. 'ఈ పేరు ఇక్కడెందుకుంది?' అన్నాడు. అడిగితే చెప్పలేదు."

పోయిన నెల. సరిహద్దు అవతల తమవాడొకడు, అందరూ గడియారం అని పిలుచుకునే మనిషి, లారీ కింద పడి చచ్చిపోయాడు. ప్రమాదం అన్నారు.

మౌనికి ముడి విడింది. ప్రపంచమంతా చూసే లైవ్ స్ట్రీమ్. చివర్లో గబగబా పైకి పాకిపోయే పేర్లు. దుస్తులు, దీపాలు, కేశాలంకరణ. వాటి మధ్య ఒక గూఢచారి మారుపేరు. అవతలి ముఠా ఇంట్లో కూర్చుని చూస్తుంది. ఉత్తరం లేదు, ఫోన్ లేదు, జాడ లేదు. ఎందుకంటే ఆ పేర్లు లోకంలో ఎవడూ చదవడు.

ఒక్కడు చదివాడు. వాణ్ణి చంపేశారు.

"గడియారం పేరు శాంపిల్" అన్నాడు మౌని. "ఇవాళ మిగతా పదకొండూ పంపుతుంది."

"ఆరోది మిగిలిందిగా" అంది అక్క.

ఆరోది బావ చనిపోయేటప్పుడు తెర మీద ఉన్నదే. అరవై ఏళ్ళ నాటి సినిమా. మొదటి పేరు దగ్గర ఆపి ఉంది. మౌని దాన్ని మాత్రం పూర్తిగా స్టిక్‌లోకి డౌన్‌లోడ్ చేసుకున్నాడు. ఎందుకో అప్పటికి అతనికీ స్పష్టంగా తెలియదు.

"డైరెక్టర్‌కి చెప్తావా?"

"చెప్పను."

"చెప్పులు విడిచిన ఆ జడ్జి ఆయనేనా?"

మౌని స్టిక్ పీకి జేబులో వేసుకున్నాడు. అక్క ఏడో చొక్కా అందించింది. నీలంరంగు మెకానిక్ చొక్కా. ఇంకా వేడిగా ఉంది.

"తొడుక్కో. భుజాల దగ్గర కొంచెం వదులవుతుంది, అంతే. నాలుగయ్యేదాకా నేను ఏడవను. ఆ తర్వాత నన్ను ఆపకు."

*

మూడు గంటల ఇరవై నిమిషాలు. స్టూడియో మేకప్ గది. అద్దం చుట్టూ పన్నెండు బల్బులు, అందులో రెండు వెలగడం లేదు. న్యూస్ రీడర్ అద్దంలోంచే చూసింది. అందం మామూలుది కాదు. తల తిప్పకుండానే ఎదుటివాణ్ణి కూర్చోమనో లేవమనో చెప్పగల అందం.

"బొమ్మ వంకరగా వస్తోందని పిలిచారట" అన్నాడు మౌని.

"బొమ్మ బాగానే ఉంది. మాటే ఆలస్యంగా వస్తోంది."

డిపార్ట్‌మెంట్ కోడ్ కుదిరింది. ఆమె మేకప్‌మేన్ వైపు చూసింది. దున్నపోతు మెడ. పౌడరు డబ్బా ఎప్పుడూ పట్టినట్టులేని చేతులు. వాడు బయటికి వెళ్ళాడు.

"డైరెక్టర్‌గారు పంపారా?"

"అవును మేడమ్. నిన్న మనవాడొకడు పోయాడు. మీ భద్రత చూడమన్నారు. బులెటిన్ అయ్యేదాకా ఇక్కడే తిరుగుతుంటాను."

ఆమె కనురెప్పలు ఒక్కసారి ఆగి, మళ్ళీ ఆడాయి. వద్దనలేదు. తమ మనిషిలా నటిస్తున్నంతకాలం వద్దనడానికి వీల్లేదు. మౌని ఆ లెక్కతోనే వచ్చాడు.

"పాపం, ఎవరు చంపారో" అంది.

"తెలుస్తుంది మేడమ్."

"ద్రోహి అని విన్నానే."

మౌని పనిచేయని బల్బు విప్పుతున్నాడు. చేతిలో గాజు పగలకుండా చూసుకోవడానికి చాలా ఓర్పు కావలసివచ్చింది. కొత్త బల్బు బిగించాడు. బల్ల మీద వస్తువులు పక్కకి జరిపి, తుడిచి, మళ్ళీ సర్దాడు. ఒక్కటి తప్ప.

*

నాలుగు గంటల ఇరవై ఐదు. ఆమె లైవ్‌లో ఉంది. స్టూడియో పక్కన చిన్న గదిలో ఒక మానిటర్. బులెటిన్ చివర అందులో ఏది కనిపిస్తే అదే ప్రపంచానికి కనిపిస్తుంది. పేర్లు చూపించడానికి పెద్ద మెషిన్ దండగ అనుకుని ఛానల్ వాళ్ళు కూడా ఆ మానిటర్ వెనక ఒక స్టిక్ పెట్టి సరిపెట్టారు.

గదిలో మేకప్‌మేన్ కూర్చుని టీ తాగుతున్నాడు.

మౌని ప్యాంటు జేబులో బావ స్టిక్ పవర్‌బ్యాంక్‌కి కలిపి ఉంది. లేవడానికి నలభై సెకన్లు తీసుకునే వస్తువుని ఆఖరి నిమిషంలో లేపలేం. అందుకే మూడింటి నుంచి మెలకువగా ఉంచాడు. అది పెనంలా కాలుతోంది. తొడ మీద చర్మం బొబ్బలెక్కుతున్నట్టు తెలుస్తోంది. తీయలేదు.

"మానిటర్‌లో గీతలొస్తున్నాయట" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మేడమ్."

"మేడమ్ లైవ్‌లో ఉంది."

"అంతకుముందే చెప్పారు."

వాడు గ్లాసు కింద పెట్టాడు. అప్పుడు చూశాడు మౌని. గ్లాసు కింద ఉన్నది బావ లాప్‌టాప్. మూత మీద టీ మరకలు వలయాలు వలయాలుగా ఉన్నాయి. నిన్నటి నుంచి దాన్ని పీటలా వాడుకుంటున్నాడు.

వాడి చూపు మౌని జేబులోంచి వేలాడుతున్న నారింజరంగు దారం మీద పడింది.

"ఏంటది?"

"మా బావది."

వాడికి అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వాడు. "ఆ కుర్చీలో ముసలాడా? సినిమా చూస్తున్నాడు. తలుపు పగలగొట్టుకుని వస్తే వెనక్కి తిరిగి కూడా చూడలేదు, పిచ్చోడు!"

తిరిగి చూసి ఉంటే ఆరో సినిమా ఆగేది కాదు. ప్రాణం కాపాడుకోవడానికి తిరగాల్సిన క్షణంలో ఆయన రిమోట్ మీద వేలు నొక్కాడు.

పదిహేనేళ్ళుగా మౌని లోపల దాచుకున్నదంతా చేతుల్లోకి దిగింది. లాప్‌టాప్‌ని గ్లాసుతో సహా ఎత్తి వాడి చెవి మీద కొట్టాడు. వాడు మీదపడ్డాడు. మౌని భుజాన ఉన్న పనిముట్ల సంచీ చిరిగింది, అందులోని మడత కీబోర్డు నేల మీద పడి వాడి మోకాలి కింద రెండు ముక్కలైంది. మెడ చుట్టూ వేళ్ళు బిగిశాయి. మౌని ఇంకోసారి కొట్టాడు. మూడోసారి. ఖాళీ లాప్‌టాప్ బరువు రెండు కిలోలు. సరిపోయింది.

చంపలేదు. చంపకుండా ఆగడానికి కొట్టడానికంటే ఎక్కువ బలం పట్టింది. మూలన పడున్న పాత వైరుతో చేతులు వెనక్కి కట్టాడు.

స్పీకర్‌లోంచి ప్రొడ్యూసర్ గొంతు: "పేర్లు రెడీయా? ఇరవై సెకన్లు!"

మానిటర్ వెనక స్టిక్ పీకాడు. తెర మీద 'సిగ్నల్ లేదు'. బావ స్టిక్ గుచ్చాడు. నీలం తెర. నల్ల తెర.

"పది!"

సినిమా బొమ్మ వచ్చింది. కింద ప్రశ్న: మొదటి నుంచి చూస్తారా? ఆపిన చోటి నుంచి చూస్తారా?

కీబోర్డు సగం బల్ల కింద, సగం వాడి కాలి కింద. బల్ల కింద ముక్కలో ఎంటర్ కీ లేదు. వాడి కాలు తన్ని రెండో ముక్క లాగాడు.

"ఐదు! ఏయ్, ఏం జరుగుతోందక్కడ? మూడు!"

పగిలిన ప్లాస్టిక్‌లో కీ ఊగుతోంది. నొక్కాడు. కదలలేదు. బొటనవేలితో అదిమాడు.

"ఒకటి..."

అద్దం అవతల స్టూడియోలో ఆమె చేతులు జోడించింది. "వార్తలు సమాప్తం. నమస్కారం."

ఆమె నవ్వు మీదుగా పేర్లు పైకి పాకడం మొదలైంది. ఛాయాగ్రహణం. కళ. కూర్పు. స్టూడియోలో ఎదురుగా ఉన్న తెరలో ఆమె కూడా చూస్తోంది. దుస్తులు. విగ్గులు. దీపాలు. ఒక్క పేరూ తను పెట్టింది కాదు. కెమెరా ఇంకా తన మీదే ఉంది కాబట్టి నవ్వు చెదరడానికి వీల్లేదు. చదరంగం బల్ల మీద పావులన్నీ ఎవరో ఎత్తుకుపోతుంటే నవ్వుతూ కూర్చోవాల్సిన యాభై సెకన్లు అవి.

అరవై ఏళ్ళనాటి సినిమా. ఆ పేర్లలో ఒక్కరు కూడా ఇప్పుడు బతికిలేరు. వాళ్ళని ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు. బావ ఆరోది ఎందుకు ఎంచుకున్నాడో మౌనికి అప్పుడు అర్థమైంది.

*

ఆమె గదిలోకి వచ్చేటప్పటికి కొప్పు వదులైంది. కట్టిపడేసిన మేకప్‌మేన్‌ని చూసింది. చెయ్యి చేతిసంచీలోకి వెళ్ళింది.

"మీ లిప్‌స్టిక్ నా దగ్గరుంది మేడమ్" అన్నాడు మౌని. "రంగుకి అంత బరువుండదు, తూటాకి ఉంటుంది. అందుకే తీశాను."

ఆమె చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. కుర్చీలో కూర్చుంది. ఓడిపోయినా కూర్చోవడం మాత్రం అందంగానే కూర్చుంది.

"సరే. నన్ను పట్టిస్తే మీ డైరెక్టర్‌ని కూడా పట్టించాలి. ఆలోచించుకో."

"చెప్పండి."

"మా ఇంట్లో టీవీ పెద్దది. సినిమా చూద్దామని ఆ స్టిక్ తనే తెచ్చాడు. రెండో పాట కాకముందే సోఫాలో గురకపెట్టాడు. లిస్టు కాపీ చెయ్యడానికి నాలుగు నిమిషాలు. నేనేమీ దొంగిలించలేదు, ఇంటికి తెచ్చి ఇచ్చాడు."

"లాడ్జిలో మా బావ సంగతి?"

"మీవాడెవడో నన్ను అనుమానిస్తున్నాడని నాకు ఎలా తెలిసిందనుకున్నావు? ఆయనే చెప్పాడు. జోక్‌లా చెప్పాడు. 'మా పిచ్చోడొకడు నువ్వు డబుల్ ఏజెంటువని రిపోర్టు రాశాడు, వార్తల కింద పేర్లు చదువుతాడట' అని నవ్వాడు. ఏ లాడ్జో కూడా అడక్కుండానే చెప్పాడు."

మౌని చొక్కా రెండో గుండీ మీద వేలు పెట్టి నొక్కాడు. చిన్న ఎర్ర దీపం ఆరిపోయింది. రికార్డింగ్ ముగిసింది.

*

మనిషి దొరికిందని మాత్రం మౌని ఫోన్ చేస్తే ఐదింటికి డైరెక్టర్ వచ్చాడు, వెనక సాయుధ పోలీసులతో, పక్కన మంత్రిత్వశాఖ కార్యదర్శితో. మొహం వెలిగిపోతోంది.

"శభాష్! నేను మొదట్నుంచీ ఈ ఛానల్ మీదే కన్నేశానండీ" అన్నాడు కార్యదర్శితో. "ఆ లాడ్జివాడి ద్రోహం వల్ల కొంచెం ఆలస్యమైందిగానీ..."

మౌని వైపు అందరూ చూశారు. అతను గొంతు పెంచలేదు. గుండీని మానిటర్‌కి కలిపి, బల్ల మీది రిమోట్ తీసుకుని వాల్యూమ్ పెంచాడు. చివరిదాకా పెంచాడు. సోఫా, గురక, జోక్, లాడ్జి పేరు, అన్నీ గది గోడలకి తగిలి మోగాయి.

డైరెక్టర్ కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు.

"తుడిచింది చాలు సర్" అన్నాడు మౌని. "స్టిక్‌తో సినిమా చూసినందుకు నాకు కోపం లేదు. ఆ తప్పు డిపార్ట్‌మెంట్‌లో అందరం చేశాం. మీ నవ్వులాటకి ఒక మనిషి చచ్చిపోతే, ఆ తప్పు తీసుకెళ్ళి ఆ శవం మీదే రాశారు చూడండి, దానికి. మా అక్క పొద్దుట్నుంచీ ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. ఆవిడకి మీరే చెప్పండి, ఎవరు ద్రోహో. నేను తీసుకెళతాను, పదండి."

డైరెక్టర్ కదల్లేదు. ఇక ఆయన కదలాల్సిన అవసరం కూడా లేకపోయింది. కార్యదర్శి చెయ్యి చాచి ఆయన జేబులోని స్టిక్ అడిగి తీసుకున్నాడు. మిగతాది పోలీసులు చూసుకున్నారు.

*

రిపోర్టు మార్చి రాశారు. పదకొండు మందీ వారం తిరక్కుండా క్షేమంగా వెనక్కొచ్చారు. బావకి గౌరవం ప్రకటిస్తూ హెడ్ ఆఫీసు గోడ మీద ఒక ఇత్తడి పలక పెట్టారు. రహస్య సర్వీసు కాబట్టి పలక మీద నంబరే ఉంటుందన్నారు.

"అంటే ఆయన పేరు పడలేదన్నమాట" అంది అక్క. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. కోపం పోలేదు. "అందరి పేర్లూ చదివాడు కదరా. తన పేరు మాత్రం ఎక్కడా లేదు."

మౌని లేచాడు. నారింజరంగు దారం పట్టుకుని స్టిక్‌ని టీవీ వెనక గుచ్చాడు. తొడ మీద కాలిన మచ్చకి కట్టు ఉంది, మెల్లగా కూర్చున్నాడు. నలభై సెకన్లు నల్లటి తెర. ఆరో సినిమా. మొదటి నుంచి చూస్తారా అని అడిగింది. అవునన్నాడు.

"అక్కా, మొన్న ఆ స్టూడియోలో..."

"ష్" అంది అక్క. "పేర్లు పడుతున్నాయి."

చివరి పేరు పడేదాకా ఇద్దరూ మాట్లాడలేదు.

నెలన్నర తర్వాత సరిహద్దు అవతలినుంచి ఒక రహస్య సమాచారం అందింది. శత్రు ముఠా తన మనుషులనందరినీ వేరే పనులన్నీ మాన్పించి, ఒక కుట్టుపనివాడి కోసం, ఇద్దరు విగ్గులవాళ్ళ కోసం, ఒక సహాయ దీపాల నిపుణుడి కోసం దేశమంతా గాలిస్తోందట. మౌని ఆ కాగితం రెండుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏమైతేనేం, బావ తర్వాత ఆ పేర్లని అంత శ్రద్ధగా చదివినవాళ్ళు వాళ్ళే.